ముందు బోర్డు, తర్వాత ర్యామ్



కంప్యూటర్ ఆన్ చేస్తారు. ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. లోపలి నుంచి 'బీప్' మని ఒక కూత. కాసేపటికి మళ్ళీ అదే కూత. పాత కంప్యూటర్లతో పని చేసినవాళ్ళకు ఈ శబ్దం బాగా తెలుసు. మెమరీ దగ్గర ఏదో తేడా ఉందని మదర్‌బోర్డు చెప్పే తీరు అది. అవార్డ్ బయోస్ ఉన్న బోర్డయితే పొడుగు కూతలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఏఎంఐ బయోస్ అయితే కూతలకు లెక్క ఉంది. ఒక్క పొట్టి కూత వస్తే మెమరీకి రిఫ్రెష్ అందడం లేదని అర్థం. రెండు వస్తే ప్యారిటీ తప్పు, మూడు వస్తే మొదటి 64 కేబీలోనే లోపం. తెరతో పని లేకుండా చెవితోనే రోగం పట్టుకోవచ్చు కనుక రేడియోలో చెప్పడానికి ఇది తగిన విషయమే.

కూత వినగానే మనవాళ్ళు చేసే మొదటి పని ర్యామ్ పీకి, బంగారు రంగు పిన్నుల మీద పెన్సిలు రబ్బరుతో రుద్దడం. చాలాసార్లు కంప్యూటర్ లేచి కూర్చుంటుంది కూడా. అయితే రబ్బరులో సన్నటి గరుకు ఉంటుంది. ఆ పిన్నుల మీది బంగారు పూత ఎంత పలచనిదంటే, రుద్దిన ప్రతిసారీ కొంత పోతుంది. ఎప్పుడో ఒకసారి అయితే ఫరవాలేదు గాని, నెలనెలా రుద్దితే కింది లోహం బయటపడి మళ్ళీ చిలుము పడుతుంది. రబ్బరు పొట్టు స్లాట్‌లో ఇరుక్కుంటే అదో కొత్త జబ్బు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డ ఇంతకన్నా మంచి మందు. ఇంకో సంగతి, అన్ని మాడ్యూళ్ళకూ బంగారు పూత ఉండదు. పాతవాటిలో వెండిలా తెల్లగా మెరిసే తగరం పూతవి చాలా ఉన్నాయి. స్లాట్‌లో తగరం ఉంటే తగరం పూతదే, బంగారం ఉంటే బంగారం పూతదే పెట్టాలి. రెండు వేరు లోహాలు ఏళ్ళ తరబడి ఒరుసుకుంటే మధ్యలో ఆక్సైడ్ పొర పేరుకుని, అప్పుడప్పుడూ మాత్రమే కనపడే తప్పులు మొదలవుతాయి. అటువంటి తప్పుల్ని పట్టుకోవడం మహా కష్టం.

ఈ కాలంలో ఈ పాత డబ్బాలు ఎవరికి కావాలండీ అంటారేమో. కావలసినవాళ్ళు ఉన్నారు. పేజ్‌మేకరూ అను ఫాంట్లూ పెట్టుకుని విండోస్ 98 మీదే శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లకు ఇరవై ఏళ్ళ ఫైళ్ళన్నీ అందులోనే ఉంటాయి. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంప్యూటర్ల సంగతి ఇంకా వేరు. ఆ యంత్రంతో మాట్లాడే కార్డు ఐఎస్ఏ స్లాట్‌లో తప్ప పట్టదు, ఇప్పుడు బజారులో దొరికే మామూలు బోర్డుల్లో ఆ స్లాటే లేదు. లక్షలు పోసి కొన్న యంత్రం బాగానే ఉంది, దాన్ని నడిపే పెంటియం మెమరీ చాలక మూలుగుతుంటే యజమాని ఏం చెయ్యాలి? వీళ్ళు కాక, చిన్నప్పుడు కంప్యూటర్ ల్యాబులో ఆడిన డేవ్ ఆటను ఆనాటి యంత్రం మీదే ఆడాలని ముచ్చటపడేవాళ్ళు ఒకరు. వాళ్ళ ముచ్చటను నేను తక్కువ చెయ్యను.

వీళ్ళందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, ఏ ర్యామ్ కొనాలి అని. ఆ ప్రశ్నే తిరగబడి ఉంది. ముందు అడగాల్సింది నా బోర్డు ఏది అని. ఎంత మెమరీ పడుతుందో, ఏ రకం పడుతుందో, జతలుగా వెయ్యాలో ఒంటిగా వెయ్యాలో నిర్ణయించేది బోర్డు మీది చిప్‌సెట్. బోర్డు పేరు తెలియకపోతే కంప్యూటర్ ఆన్ చేసి, మెమరీ లెక్కపెడుతున్నప్పుడు పాజ్ మీట నొక్కండి. అవార్డ్ బయోస్ అయితే తెర అడుగున అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక పొడవాటి వరస కనిపిస్తుంది. బోర్డు తయారీదారు ఎవరో, మోడల్ ఏమిటో అందులోంచి పట్టుకోవచ్చు. దాన్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత మూత తీసి పెద్ద చిప్పుల మీది నంబర్లు కూడా రాసుకోండి.

మూత తీశారు కనుక ఇంకొకటి చూడండి. 386, 486 కాలపు బోర్డుల మీద గొట్టం ఆకారంలో, చాలావాటికి నీలం రంగులో, ఒక నికెల్ కాడ్మియం బ్యాటరీ టంకం వేసి ఉంటుంది. అది కారితే క్షారం బయటికొచ్చి బోర్డు మీది సన్నటి రాగి గీతల్ని తినేస్తుంది. అక్కడ ఆకుపచ్చ పొక్కులు కనిపిస్తే ర్యామ్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ బ్యాటరీ తీయించండి, మరకను వెనిగర్‌తో తుడిపించి కడిగించండి. చచ్చిపోబోతున్న బోర్డుకు ర్యామ్ కొనడం దండగ.

ఇక గుర్తుపట్టడం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇప్పుడు మనం అనుకునే మాడ్యూళ్ళు లేవు. చిప్పులే వరసగా బోర్డు మీద కూర్చునేవి. మొదటి వరస టంకం వేసి ఉండేది, మిగిలిన వరసలకు ఖాళీ సాకెట్లు. ఒక్కో వరసకు తొమ్మిది చిప్పులు, ఎనిమిది సమాచారానికి, తొమ్మిదోది ప్యారిటీకి. ఒక్కో చిప్పులో 16 కిలోబిట్లు, అంటే వరస మొత్తానికి 16 కేబీ. ఆ చిప్పు నంబరు 4116. దానికి ఒకటి కాదు, మూడు రకాల వోల్టేజీ కావాలి. ప్లస్ 12, ప్లస్ 5, మైనస్ 5. అందులో మైనస్ 5 ఒక్కటి ఆగిపోతే చిప్పు కాలిపోతుంది. తర్వాత వచ్చిన 4164, 41256 చిప్పులకు 5 వోల్టులు ఒక్కటే చాలు. అందుకే పిన్నుల సంఖ్య పదహారే కదా అని 4116 చోట 4164 గుచ్చడం ప్రమాదం.

ఈ సందర్భంలో ఇంగ్లండు వారి సింక్లెయిర్ స్పెక్ట్రమ్ సంగతి చెప్పకుండా ఉండలేను. 1982లో వచ్చిన ఆ చిన్న కంప్యూటర్ 48 కేబీ మోడల్‌లో, పై 32 కేబీ కోసం వాడినవి సగం చెడిపోయిన చిప్పులు. 64 కిలోబిట్లకు తయారై, పరీక్షలో ఒక సగం తప్పి, రెండో సగం మాత్రం బాగున్నవాటిని చౌకగా తీసుకుని, ఏ సగం బాగుందో దాన్ని బట్టి బోర్డు మీద ఒక తీగ ముక్క అటో ఇటో వేసేవారు. ఇవాళ ఆ యంత్రంలో ఒక చిప్పు మార్చాలన్నా అదే సగం బాగున్నది వెతకాలి, లేదా పూర్తిగా బాగున్న 4164 పెట్టుకోవాలి. పొదుపంటే అదీ.

చిప్పుల్ని ఒక్కొక్కటిగా గుచ్చే బాధ తప్పించడానికి అమెరికాలోని వాంగ్ ల్యాబరేటరీస్ వాళ్ళు 1983 ప్రాంతంలో వాటిని ఒక చిన్న పలక మీద వరసగా అతికించారు. అదే సిమ్. ఫోన్‌లో వేసే సిమ్ కాదు, ఇది మెమరీ సిమ్. మొదటి రకానికి అంచున 30 పిన్నులు, పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. ఇది ఒక్కసారికి 8 బిట్లు మాత్రమే ఇవ్వగలదు. ప్రాసెసర్ అడిగినన్ని బిట్లు ఒకేసారి రావాలంటే ఎన్ని మాడ్యూళ్ళు కావాలో అన్నీ కలిసి ఒక బ్యాంకు. 286, 386 ఎస్ఎక్స్ యంత్రాలకు 16 బిట్లు కావాలి, కాబట్టి రెండేసి. 386 డీఎక్స్, 486లకు 32 బిట్లు, కాబట్టి నాలుగేసి. నాలుగింట్లో మూడే పెడితే ముప్పాతిక మెమరీ వస్తుందనుకోకండి, ఆ బ్యాంకే లేనట్టు లెక్క.

తర్వాత 72 పిన్నుల సిమ్ వచ్చింది. పొడవు దగ్గర దగ్గర 11 సెంటీమీటర్లు, అంచు మధ్యలో ఒక గాడి. ఐబీఎం వాళ్ళ పీఎస్/2 యంత్రాలతో మొదలై, 486, పెంటియం రోజుల్లో అందరికీ చేరింది. ఇది 32 బిట్లది. 486కు ఒక్కటి చాలు. పెంటియంకు 64 బిట్లు కావాలి గనక రెండు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది. పెంటియం మెమరీ జోడెడ్ల బండి. ఒక 16 ఎంబీ, ఒక 8 ఎంబీ కట్టి 24 వస్తుందని చూస్తే నడవదు. ఒకే పరిమాణం, ఒకే వేగం, వీలైతే ఒకే కంపెనీవి రెండు కావాలి.

ఇప్పుడు అసలు పని, చిప్పు మీది రాత చదవడం. చాలా మాడ్యూళ్ళ మీద ఎన్ని ఎంబీ అన్నది ఎక్కడా రాసి ఉండదు. స్టిక్కరు ఉన్నా దాన్ని నమ్మలేం, ఎవరు అతికించారో తెలియదు. చిప్పు మీద మాత్రం ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని, భూతద్దంతో చూడండి. మొదటి అక్షరాలు తయారీదారువి. కేఎం అని ఉంటే శామ్‌సంగ్, హెచ్‌వై ఉంటే హ్యుందయ్, హెచ్‌ఎం ఉంటే హిటాచి, ఎంటీ అంటే మైక్రాన్, టీఎంఎస్ అంటే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, టీసీ అంటే తోషిబా, జీఎం అంటే గోల్డ్‌స్టార్. నాలుగంకెలు విడిగా ఉంటే అది సాధారణంగా తయారైన తేదీ. 9523 అని ఉంటే 1995వ సంవత్సరం, 23వ వారం.

తర్వాతి అంకెలే కీలకం. ఉదాహరణకు 514400. కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి, ఐదు, ఒకటి, నాలుగు, నాలుగు, సున్నా, సున్నా. మొదటి 51ని వదిలెయ్యండి. ఆ తర్వాతి 4 అంటే నాలుగు మెగాబిట్ల చిప్పు. రెండో 4 అంటే ఒక్కసారికి నాలుగు బిట్లు ఇస్తుంది. ఇలాంటివి ఎనిమిది ఉన్నాయనుకుందాం. ఎనిమిది నాలుగులు 32 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 4 ఎంబీ. లెక్క అయిపోయింది. అదే 5117400 అని ఉంటే, అది 16 మెగాబిట్ల చిప్పు. ఎనిమిది ఉంటే 16 ఎంబీ. 5117800 అయితే 16 మెగాబిట్లే గాని ఒక్కసారికి ఎనిమిది బిట్లు, నాలుగు చిప్పులతోనే 8 ఎంబీ అవుతుంది. పాత 41256 అయితే 256 కిలోబిట్లు, తొమ్మిది చిప్పుల పలక అంటే ప్యారిటీతో కలిసి 256 కేబీ. అన్ని కంపెనీల నంబర్లూ ఇంత తిన్నగా ఉండవు. శామ్‌సంగ్, మైక్రాన్ వాళ్ళ పద్ధతి వేరు. అయినా చిప్పుకు ఎన్ని మెగాబిట్లో తెలిస్తే చాలు, మిగిలింది ఎక్కమే.

చివర గీత పెట్టి ఉండే అంకె వేగం. గీత 60 అన్నా గీత 6 అన్నా 60 నానోసెకన్లు. గీత 7 అంటే 70, గీత 10 అంటే 100. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. ఇక్కడ చిన్న అంకే వేగవంతమైనది. బోర్డు 70 అడిగితే 60ది వెయ్యవచ్చు, 60 అడిగితే 70ది వెయ్యకూడదు. అలాగని వేగంగా ఉండే ర్యామ్ వేస్తే కంప్యూటర్ వేగం పెరగదు. బోర్డు ఏ వేగానికి పెట్టి ఉందో ఆ వేగంతోనే పిలుస్తుంది.

72 పిన్నుల వాటిలో రెండు జాతులున్నాయి, ఎఫ్‌పీఎం, ఈడీవో. చూపుకు రెండూ ఒకటే. కొంతమంది తయారీదారుల నంబరులో ఆఖరి అంకె పట్టి ఇస్తుంది. 5117400 అంటే ఎఫ్‌పీఎం, 5117404 అంటే ఈడీవో. ఇంటెల్ 430 ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్ నుంచి, అంటే 1995 నుంచి, పెంటియం బోర్డులు ఈడీవోను బాగానే అందుకున్నాయి. 486 బోర్డుల్లో కొన్ని దాన్ని మామూలు ఎఫ్‌పీఎంలా వాడుకుంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. అనుమానం ఉంటే 486కు ఎఫ్‌పీఎం కొనడమే క్షేమం.

తొమ్మిదో చిప్పు సంగతి చెప్పాను కదా. అది ప్రతి బైటుకూ ఒక అదనపు బిట్టు దాచి, ఎక్కడైనా ఒక బిట్టు తారుమారైతే యంత్రాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. మంచి కాపలాయే, కాకపోతే దానికి అదనంగా ఒక చిప్పు ఖర్చు. 1993 జూలైలో జపాన్‌లోని నీహామాలో సుమితోమో కెమికల్ ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగింది. చిప్పుల మీద పోసే నల్లటి ఎపాక్సీ రెజిన్‌లో ప్రపంచానికి కావలసిన దాంట్లో సగానికి పైగా అక్కడినుంచే వచ్చేది. వార్త పొక్కగానే మెమరీ ధరలు ఆకాశానికి ఎక్కాయి. ఖరీదైన సరుకు ఉన్నచోట కల్తీ కూడా ఉంటుంది. తొమ్మిదో చిప్పు చోట మెమరీ లేని ఒక లాజిక్ చిప్పును అతికించి, ఎనిమిది బిట్లను చూసి ప్యారిటీ అప్పటికప్పుడు కూడి, "అంతా సరిగ్గానే ఉంది" అని ఎప్పుడూ చెప్పేట్టు చేసిన మాడ్యూళ్ళు ఆ రోజుల్లో బజారంతా తిరిగాయి. తప్పు జరిగినా అది సరే అంటుంది. ఆ కాలపు కొన్ని 486 బోర్డుల మీద, ప్రాసెసర్ తరచూ వాడే సమాచారాన్ని దగ్గర పెట్టే క్యాష్ చిప్పులు కూడా లోపల సిలికాన్ లేని ఉత్త ప్లాస్టిక్ ముక్కలే. కాబట్టి తొమ్మిది నల్ల చిప్పులు కనిపించగానే ప్యారిటీ ఉందనుకోకండి. తొమ్మిదోదాని నంబరు కూడా చదవండి.

తర్వాతి తరం 168 పిన్నుల డిమ్, లోపల ఎస్‌డీ ర్యామ్. పొడవు 13 సెంటీమీటర్ల పైచిలుకు, అంచున రెండు గాళ్ళు. ఒంటిగా వేసినా 64 బిట్లు ఇస్తుంది కనుక జత బాధ లేదు. ఎడమ గాడి చోటు బఫర్ సంగతి చెబుతుంది, మధ్య గాడి వోల్టేజీ సంగతి. గాడి కుదరకపోతే బలవంతంగా నొక్కడం, ఆకురాయితో అరగదీయడం చెయ్యకండి. ఆ గాడి పెట్టిందే తప్పుది పట్టకుండా ఉండటానికి. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. పాత సిమ్ మీద గీత 10 అంటే 100 నానోసెకన్లు. ఎస్‌డీ ర్యామ్ మీద అదే గీత 10 అంటే 10 నానోసెకన్ల గడియారం. రెండూ వేరు కొలతలు, కలపకండి. డీడీఆర్ 184 పిన్నులది, డీడీఆర్2, డీడీఆర్3 రెండూ 240 పిన్నులవే గాని గాడి చోటు మారింది. అవి ఇవాళ్టి మన విషయం కాదు, గుర్తుపట్టడం కూడా తేలికే, స్టిక్కరు మీదే రాసి ఉంటుంది.

ఎస్‌డీ ర్యామ్‌లో మాత్రం ఒకచోట చాలామంది మోసపోతారు. పెంటియం 2, పెంటియం 3ల కాలంలో పేరుపొందిన ఇంటెల్ 440 బీఎక్స్ చిప్‌సెట్ 1998లో వచ్చింది. దానికి 128 మెగాబిట్ల చిప్పు దాకానే తెలుసు. 256 ఎంబీ డిమ్ పదహారు చిప్పులది అయితే పూర్తిగా చూస్తుంది. అదే 256 ఎంబీ ఎనిమిది చిప్పులతో తయారైతే ఒక్కో చిప్పూ 256 మెగాబిట్లది, బోర్డు దాన్ని సగమే చూసి 128 ఎంబీ అంటుంది. డిమ్ పాడైపోలేదు, బోర్డుకు లెక్క అక్కడితో ఆగింది. కాబట్టి బీఎక్స్ బోర్డుకు కొనేటప్పుడు రెండు వైపులా చిప్పులు లెక్కపెట్టండి.

మెమరీ ఎంత వేస్తే అంత మంచిదన్న మాట పాత యంత్రాల దగ్గర చెల్లదు. ఇంటెల్ 430 టీఎక్స్ చిప్‌సెట్ 256 ఎంబీ దాకా తీసుకుంటుంది. కాని దాని క్యాష్ మాత్రం మొదటి 64 ఎంబీకే పనిచేస్తుంది. అంతకు మించి వేస్తే మిగతా మెమరీ క్యాష్ లేకుండా నడుస్తుంది. విండోస్ 98 మెమరీని పైనుంచి వాడుకుంటూ వస్తుంది గనక, 128 ఎంబీ వేసినప్పుడు చిన్న చిన్న పనుల్లో యంత్రం ముందుకన్నా నెమ్మదించడం కూడా జరుగుతుంది. టీఎక్స్ బోర్డు ఉన్నవాళ్ళకు నా సలహా 64 దగ్గర ఆగమనే. విండోస్ 98కే ఇంకో హద్దు ఉంది. 512 ఎంబీ దాటితే దాని డిస్కు క్యాష్ మరీ పెరిగిపోయి "మెమరీ చాలదు" అని తప్పు చూపిస్తుంది. మెమరీ ఎక్కువై మెమరీ చాలదనడం విడ్డూరమే. సిస్టమ్ డాట్ ఐఎన్ఐ ఫైలులో ఆ క్యాష్‌కు హద్దు పెడితే సర్దుకుంటుంది. టీఎక్స్ కాని బోర్డయితే శుభలేఖలు చేసే కంప్యూటర్‌కు 128, మహా అయితే 256 ఎంబీ. అంతకు మించి ఖర్చు దేనికి?

బిగించే పద్ధతి రెండు మాటల్లో చెబుతాను. ప్లగ్గు పీకండి. క్యాబినెట్ ఇనుము ముట్టుకుని ఒంట్లో స్థిర విద్యుత్తు పోగొట్టుకోండి, మన ఎండాకాలపు పొడి గాలిలో ఇది మరీ అవసరం. సిమ్‌ను ఏటవాలుగా దించి, నిటారుగా లేపితే రెండు వైపులా క్లిప్పులు పట్టుకుంటాయి. ఆ క్లిప్పులు ప్లాస్టిక్‌వైతే ముప్పై ఏళ్ళకు పెళుసు బారి ఉంటాయి, ఒకటి విరిగితే స్లాట్ మొత్తం పోయినట్టే. తీసేటప్పుడు రెండింటినీ ఒకేసారి మెల్లగా బయటికి జరపండి. పెట్టాక పాత యంత్రాలు మెమరీ లెక్క మారిందని ఫిర్యాదు చేస్తాయి. సెటప్‌లోకి వెళ్ళి, కొత్త లెక్క కనిపించాక సేవ్ చేసి బయటికి రండి.

అప్పుడే సంబరపడకండి. మెమ్‌టెస్ట్86 అని ఒక ప్రోగ్రామ్ ఉంది, క్రిస్ బ్రాడీ 1994లో రాసినది. పాత వెర్షన్లు ఒక్క ఫ్లాపీ నుంచే నడుస్తాయి, విండోస్ అక్కర్లేదు, 386 నుంచి పైకి ఏ యంత్రమైనా ఫరవాలేదు. రాత్రంతా నడవనివ్వండి. తెల్లారేసరికి ఒక్క ఎర్ర గీత కనిపించినా ఆ మాడ్యూల్‌ను నమ్మకండి. ఒక్క చెడ్డ బిట్టు డేటా ఫైలును నిశ్శబ్దంగా పాడుచేయగలదు, సంగతి తెలిసేసరికి బ్యాకప్‌లో కూడా ఆ పాడైన కాపీయే ఉంటుంది.

చివరిగా, ఇవి దొరికేదెక్కడ? కంప్యూటర్ సామాను అనగానే మన వాళ్ళకు గుర్తొచ్చేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఎస్‌డీ ర్యామ్ కోసం అలాంటిచోట పాత దుకాణాలు అడిగి చూడవచ్చు. 30 పిన్నులవి మాత్రం ఎక్కువగా దొరికేది ఎవరో ఒకరి సొరుగులోనే. అందుకే ఒక విన్నపం. పాత ఆఫీసు సామాను తుక్కుకు వేసే ముందు మూతలు తీసి ర్యామ్ పీకి పక్కన పెట్టండి. తుక్కులోకి వెళ్ళిన ఈ పలకలు చాలాచోట్ల ఆ అంచు మీది రవ్వంత బంగారం కోసం ఆమ్లంలో మునుగుతాయి, ఆ పొగ పీల్చేది ఏ రక్షణా లేని కూలీలు. మిగతా ఎలక్ట్రానిక్ తుక్కును గుర్తింపు పొందిన రీసైక్లర్లకే ఇవ్వండి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమాలు కూడా అదే చెబుతున్నాయి. పీకిన ర్యామ్‌ను ఒక కాగితం కవరులో వేసి, పిన్నులెన్ని, ఎంబీ ఎంత, ఏ బోర్డు నుంచి తీశారు అన్న మూడు మాటలు కవరు మీద రాసి, మీ ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి ఇవ్వండి.